దగ్గు

విన్నిపెగ్ నుంచి ఉత్తరానికి మూడు గంటల దారి.
కింద ఫిబ్రవరి. గడ్డకట్టిన సరస్సులు.
రెయాల్ గోడే బల్ల మీద ఒక చార్టు, రెండు పెన్సిళ్లు, అరిగిన రబ్బరు,
వాళ్ల నాన్న పీతల పడవలో వాడిన ఇత్తడి విభాగిని.
మేమెక్కడున్నామో ఉపగ్రహాలు చెప్పే తెర
నా వైపు మాత్రమే ఉంది.
అతని కంట పడకుండా దాని మీద టోపీ బోర్లించాను.

అతను చుక్కల్ని చూస్తాడు.
నేను అతన్ని చూస్తాను.
నా వెనక సీట్లో మేజర్ పెన్నర్
మోకాలి మీద అట్ట పెట్టుకుని నన్ను చూస్తున్నాడు.
ఏటా ఒకసారి, నేర్పేవాళ్లకీ పరీక్ష.

పది ముప్పై ఆరు.
విమానం కప్పులోంచి సెక్స్టెంటు గొట్టం పైకి తోసి
రోహిణిని పట్టుకున్నాడు.
రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి
ఆ ఎర్ర చుక్కని బుడగ మధ్యలో నిలబెట్టాడు.
చెయ్యి మంచిది. లెక్కా మంచిదే.
గీత దగ్గరికొచ్చేసరికి తప్పులో కాలేశాడు:
చుక్క వైపు పన్నెండు మైళ్లు జరపాల్సిన గీతని
చుక్కకి ఎడంగా జరిపాడు.

కాగితం మీద అది గోరంత.
నేను టోపీ ఎత్తి చూశాను, మళ్లీ దించాను.
"పైలట్, ఎడమకి తొమ్మిది డిగ్రీలు," అన్నాడు
అంత నమ్మకంగా, అంత మర్యాదగా.
విమానం ఒరిగి, వెళ్లకూడని వైపు వెళ్లింది.

నిమిషానికి నాలుగు మైళ్లు.
ప్రాణం మీదికి వస్తే తప్ప నోరెత్తకూడదు,
అది మా బడి నియమం.
నోట్లో మాట నానుతోంది, ఉడకని శనగలా.
మూడు, నాలుగు, ఆరు నిమిషాలు.
అతను శాండ్‌విచ్ కాగితం విప్పాడు.
నాకు చెమట పట్టింది,
బయట మైనస్ నలభై.

తొమ్మిదో నిమిషంలో దగ్గాను.

దగ్గు వచ్చిందనే ఇప్పటికీ నా వాదన.
గోడే పెన్సిలు ఆగింది.
నా వైపు చూడలేదు గాని, చెవి చూసింది.
చార్టు మీదికి వంగి, గీతలన్నీ మొదట్నుంచీ తడిమి,
రబ్బరు అందుకున్నాడు.

దిగాక కాఫీ మెషిన్ దగ్గర పెన్నర్ అట్ట చదివాడు:
"పది నలభై ఏడు. కెప్టెన్ హ్రిన్‌చుక్ దగ్గెను."
అంతే రాసుకున్నాడు. తర్వాత, పాల పొడి కలుపుతూ:
"వాడికి ఈ రాత్రి నువ్వొక కొత్త చుక్క నేర్పావు.
అది నీ గొంతులో ఉంది.
రేపు సముద్రం మీద, నువ్వు లేనప్పుడు,
వాడు దాన్ని ఎక్కడ వెతుకుతాడు?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎంతమందికి నేర్పాను ఇలా,
కనుబొమ్మతో, కుర్చీ చప్పుడుతో, పొడవైన ఊపిరితో?
చార్టు కన్నా నా మొహం బాగా చదివే వాళ్లు
ఎందరు రెక్కల బిళ్ల పెట్టుకుని వెళ్లారు?

మరుసటి వారం బుగ్గలో మిరియాల బిళ్ల,
మెడకి అమ్మమ్మ అల్లిన ఉన్ని పట్టీ,
సీటు రెండడుగులు వెనక్కి.
గోడే మళ్లీ తప్పాడు. ఈసారి గడియారం,
ఒక నిమిషం తేడా.
నేను రాయిలా కూర్చున్నాను, రాయి ఎలా కూర్చుంటుందో
ఆ రాత్రే తెలిసింది.

అతను ఆగాడు. చెవి వెనక్కి తిప్పాడు.
ఇంజిన్ల మోత తప్ప ఏమీ లేదు.
ఇంకాసేపు ఆగాడు.
అప్పుడు చార్టు వైపు చూశాడు. నిజంగా చూశాడు.
మూడు గీతలు ఒక చోట కలవాల్సింది పోయి
ముక్కోణం చేసి వెక్కిరిస్తున్నాయి,
మధ్యలో ఓ గొర్రెల మంద పట్టేంత ఖాళీ.
పద్నాలుగు నిమిషాలు పట్టింది.
"పైలట్, కుడికి పదకొండు. తప్పు నాదే, నావిగేటర్‌ది."
ఆ రెండో వాక్యం నేను నేర్పలేదు.

దిగాక ఇంజిన్లు ఆగేదాకా ఉన్నాను.
తర్వాత రన్‌వే పక్కన, మంచులో,
ఎవరూ వినని చోట నిలబడి
కడుపు పట్టుకుని
హాయిగా దగ్గాను.