మూడు వేళ్ళ దూరం

కాశీబుగ్గలో మొదటి బెల్లు కొట్టేసరికే
జీడిపిక్కలు కాల్చిన పొగ వచ్చి గొంతులో కూర్చుంటుంది.
మూడో నెల నాకు.
చిల్లర నాణేల వాసన, తడిసిన రెగ్జిను వాసన,
మిషనులోంచి వెచ్చగా వచ్చే టికెట్టు కాగితం వాసన,
స్టీరింగు దగ్గర తవిటినాయుడు వెలిగించే అగరొత్తి -
దేవుడి మీద కోపం లేదు,
అగరొత్తి మీదే.

బ్యాగులో రెండు అరలు:
ఒకదాన్లో డబ్బులు, ఒకదాన్లో పాలిథిన్ కవర్లు.
"వేవిళ్ళకి సెలవిస్తే డిపో నడిచినట్టే" అన్నారు.
నిజమే కాబోలు, నేను నడిస్తే చాలు.

టెక్కలిలో ఎక్కింది మైలపల్లి దానమ్మ,
ఎండు నెత్తళ్ళ గంపతో.
మనిషికి సున్నా టికెట్టు, గంపకి లగేజీ.
ఆ మాట అనబోయి నోరు తెరిచాను,
మాట బదులు ఇంకోటి వచ్చింది.
కవరు అందుకునే లోపే.

బస్సంతా కిటికీల వైపు తిరిగింది.
"గంప దించెయ్" అన్నాడు వెనక నుంచి ఎవడో.
దానమ్మ గంప దించలేదు,
సీటు కిందికి కాలితో తోసింది,
నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్నో నెలే గుంటా? సెయ్యిలాగెట్టు.
మణికట్టు గీత కాడ నుంచి మూడేళ్ళు.
నా యేళ్ళు కాదే, నీయి!
ఎవుల ఒంటికి ఆల యేళ్ళే కొలత."

కాశీబుగ్గ నుంచి సిక్కోలు దాకా
స్టేజీలు లెక్కపెట్టి బతికేదాన్ని,
నా ఒంట్లో దూరం నా వేళ్ళతో కొలవొచ్చని
అప్పుడే తెలిసింది.
రెండు నరాల నడుమ సన్నటి పల్లం.
అక్కడ ఆమె బొటనవేలు:
ఉప్పుకి పగిలి, పొలుసు అంటి.

చిన్నకొడుకు ఓడ మీద వంటకి వెళ్ళాడట.
కడలి కడుపు తిప్పేసిన రాత్రి
చీనా వంటవాడు వాడి చెయ్యి లాక్కుని ఇక్కడే నొక్కాడట.
ఆ చోటికి వాళ్ళ భాషలో లోపలి గుమ్మం అని పేరట.
"ఆడు సెప్పినాడు, నాను నమ్మినాను" అంది.
కోటబొమ్మాళి దాటేదాకా వేలు తియ్యలేదు.

తగ్గిందా అంటే -
గుమ్మం దాకా వచ్చింది వెనక్కి చూసుకుని కూర్చున్నట్టయింది.
పోలేదు. కూర్చుంది.

దిగేముందు వల దారం తెంపి
చింతగింజ ఒకటి ఆ పల్లంలో పెట్టి ముడేసింది.
అల్లం ముక్క బుగ్గన పెట్టుకోమంది,
మింగకుండా.

"ఏ అమ్మోరి తాయెత్తు?" అంది మా అత్త, కళ్ళకద్దుకుంది.
"కట్టుకో, మాత్ర మాత్రం మానకు,
నీళ్ళు కూడా నిలవకపోతే ఆలోచించకు, వచ్చెయ్"
అంది నరసన్నపేట డాక్టరమ్మ.
మా ఆయన ఏమీ అనలేదు,
రాత్రి నిద్రలో చెయ్యి వెతికి
చింతగింజ తగిలి ఉలిక్కిపడ్డాడు.

పది రోజులు. చర్మం మీద గింజ అచ్చు.
మడపాం వంతెన మీద వంశధార గాలికి
ఒక్కరోజు బాగానే ఉన్నాను,
మర్నాడు అదే వంతెన మీద కవరు తీశాను.
సగం పనిచేసిందని చెప్పాలి.
ఆ సగం గింజదో, అల్లందో, మాత్రదో,
పొలుసంటిన ఆ బొటనవేలిదో
ఏ మిషను కొట్టి చూపిస్తుంది?

చెబుదామంటే దానమ్మ లేదు.
వేట నిషేధం, అరవై ఒక్క రోజులు.
టెక్కలిలో బస్సు ఆగినప్పుడల్లా
ఎక్కేవాళ్ళ తలల మీద చూస్తాను, గంప కోసం.
బోట్లు కదిలేసరికి నాకు ఆరో నెల,
ఎండు చేప వాసనకి అప్పుడు ఆకలేస్తుందేమో కూడా.

ఆరోజు గంపకి టికెట్టు కొట్టలేదు నేను.
చెకింగు రాలేదు గానీ
వచ్చి ఉంటే, కేసు నా మీదే.