పెన్సిల్ అచ్చు

నాగోల్ ట్రాకు కాడ పదిన్నర స్లాటు.
తొమ్మిదింటికే పోయి నిలబడ్డం
నేనూ, నా సీడీ హండ్రెడూ.

తొంభై మూడుల కొన్న బండి.
పదిహేనేండ్లు నిండినప్పుడు ఒకసారి పాసైంది,
ఆ మీద ఐదేండ్లకొకసారి, రెండు సార్లు.
ఇది నాలుగోది.
"మా బస్తీల పదో తరగతి పోరగాండ్లు గూడ
ఇంత వరుసగ పాసు కాలే"
అని షర్ఫుద్దీన్ భాయ్ నవ్వుతడు.

రాత్రి చాదర్‌ఘాట్ల ఆయన కొట్టు ముందల
బల్బు ఏలాడదీసుకొని పదకొండు దాక కూసున్నం.
బ్రేకు షూలు మార్చిండు.
కార్బొరేటర్ జెట్టును నోటితోని ఊదిండు,
పిల్లగాని కంట్ల నలక ఊదినట్టు.
ఎడమ ఇండికేటరు ఎలగకపోతే
దాని నెత్తి మీద ఒక్క మొట్టికాయ.
ఎలిగింది.
"రేపు సారు ముందల నేను గూడ ఇట్లనే కొట్టాల్నా?"
"నువ్వు కొడితే ఎలగది. అది నా చెయ్యి గుర్తు పడ్తది."

పాసైతదా భాయ్, అని అడిగిన.
"ఫెయిలైతందుకు దీంట్ల ఏముంది?
తీగ గుంజితె ఆగుతది, కిక్కు కొడితె లేస్తది.
దాసుకునేది ఏం లేదు పాపం."

లైన్ల నా ముందల ఒక పిల్లగాడు.
బెంగుళూరు నుంచి తెచ్చుకున్న బండి,
మీటరు జాగల టీవీ ఉన్నది.
సైలెన్సరు మార్చుకొని రా పో, అన్నడు ఇన్‌స్పెక్టరు.
ఆ సారు నా బండి కంటె చిన్నోడు.
మా బండి మొదటిసారి పాసైననాడు
నిక్కరేసుకొని బడికి పోతుండొచ్చు.

హారన్ కొట్టమన్నడు. కీచుమన్నది.
ఎండల లైటు కనవడదని
దాని ముందల దోసిలి పట్టి చూసిండు.
దోసిట్ల ఇంత పసుపుపచ్చ.
బ్రేకు తొక్కిన. గీత మీదనే ఆగింది.
ఎడమ ఇండికేటరు, దాని దయ, ఎలిగింది.

అప్పుడు తెల్ల కాయితం ముక్క తీసి
మెడ కాడ ఆనిచ్చి పెన్సిల్ రుద్దిండు.
బూడిద రంగొచ్చింది. నంబరు రాలే.
మల్ల రుద్దిండు. మబ్బు పట్టినట్టు వచ్చింది.
"బండి మంచిగనే ఉంది పెద్దాయనా.
ఇది ఆ బండే అని ఎట్ల రాయాలె?"

ఈ మాట నాకు కొత్త గాదు.
నెలనెలా రేషన్ దుకాణంల ఇంటనే ఉన్న.
బొటనవేలు పెట్టు. తుడ్సి పెట్టు. ఇంకో చెయ్యి పెట్టు.
గాండ్ల రాజలింగం నేనే, నా ఎదురుంగనే బియ్యం బస్తాలు,
మిషన్ మాత్రం ఎవరీయన అంటది.
ముప్పై ఏండ్లు కొండాపూర్ల, మణికొండల
టైల్స్ పరిసిన చేతులు.
పరిసి పరిసి నేను గూడ నున్నగైన.

సిమెంటు బస్తా ట్యాంకు మీద పెట్టుకొని
వానలల్ల ఎన్ని దినాలు పోయిన్నో!
కారిన నీళ్లు దాని మెడ మీదికెల్లే పోయినయి.
నా వేళ్లను తిన్నదే దాని నంబరును గూడ తిన్నది.

ఫోన్ చేస్తె షర్ఫుద్దీన్ భాయ్ ఒక్కటే మాట:
"దాని పెట్రోలుతోనే దాని మెడ కడుగు."

పైపు గుంజి దస్తీ తడిపిన.
ఎండల ఉక్కిరెక్కిరైతు తోమిన.
రంగు పోయింది, చిలుము పోయింది,
కింద ఇనుము చల్లగ తగిలింది.
"నేను పడ్త సార్, మీరు రుద్దున్రి"
కాయితం మీద బొటనవేలు గట్టిగ ఒత్తి పట్టిన.

ముందుగాల ఒక సున్న లేసింది.
దాని పక్కకు ఏడు, సగం.
తర్వాత తక్కినయి ఒక్కొక్కటే,
నిద్ర లేపితె ముసుగు తీసుకుంట లేసినట్టు.
సారు ఆర్సీతోని కలిపి చూసి
తల ఎత్తకుండనే సంతకం పెట్టిండు.
ఐదేండ్లు.

బయట చాయ్ బండి కాడ గ్లాసు పట్టుకుంటె
దాని మీద నల్లగ నా వేలు మచ్చ పడ్డది.
దగ్గరికి పెట్టుకొని చూసిన.
ఒక్క గీత లేదు.

ఒక్క కిక్కుకు లేసింది బండి.
మూసారంబాగ్ కాడ ఎడమ ఇండికేటరు ఎలగలే.
మొట్టికాయ వేసిన. ఎలగలే.
చెయ్యి సాపి
ఎడమకు మల్గిన.