నాలుగో గ్లాసు

ట్రామ్ మలుపు తిరిగేచోట
పన్నెండు బల్లల రెస్టారెంటు మాది.
బోర్డు మీద పేరుండదు, ఒక నీలం గీత ఉంటుంది.
బోర్దోలో, అందులోనూ షార్త్రోన్ పేటలో,
అది చాలునని మా బాస్తియాన్ నమ్మకం.
జనం ఫోన్ చేసి అడుగుతారు:
"ఆ గీత దగ్గరికి ఎలా రావాలండీ?"

నా పని పళ్ళెం వెంట గ్లాసు పెట్టడం,
గ్లాసు వెంట నాలుగు మాటలు పెట్టడం.
మాటలు బాస్తియాన్ రాసిస్తాడు,
నేను ట్రామ్‌లో వల్లెవేస్తాను.
సున్నపురాయి. పచ్చి బాదం. వాన వెలిసిన తోట.
మూడు నెలలుగా అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నా
ఒక్క గ్లాసులోనూ ఆ తోట నాకు కనబడలేదు.

గురువారం రాత్రి, ఏడో బల్ల,
సొలెన్ లారియూ పేరు మీద ఇద్దరు.
ఆమె ముందు వచ్చింది, వెనక వాళ్ళ తాత,
పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే కోటు,
ఎడమచేతికి రెండు వేళ్ళు సగమే.
కూర్చోలేదు ముసలాయన.
బూటు మడమతో నేలని ఒకచోట తట్టాడు,
ఇంకోచోట తట్టాడు,
"నీళ్ళ తొట్టి ఇక్కడుండేది" అన్నాడు, ఎవరితోనూ కాదు.
అప్పుడు లాక్కున్నాడు కుర్చీ.

మొదటిది బూడిదలో మగ్గిన లీక్ కాడ.
"కడగడం మర్చిపోయారా?"
సొలెన్ బల్ల కింద ఆయన కాలు తొక్కింది.
రెండోది పచ్చి స్కాలప్, పక్కన బఠాణీ గింజంత నిమ్మ ముద్ద.
"ఇది తినేదా, చూసేదా?"
మూడోదానికి ఏమీ అనలేదు.
రొట్టెముక్కతో పళ్ళెం అద్దంలా తుడిచి
ఆ ముక్కనీ వదల్లేదు.
ప్రతి గ్లాసుకీ నా పాఠం అప్పజెప్పాను.
చర్చిలో విన్నట్టు విన్నాడు,
మర్యాదగా, ఎక్కడో చూస్తూ.

నాలుగోది పావురం. దానికి జత
నది అవతలి గట్టు ఎర్ర వైను,
పద్నాలుగు నెలలు పీపాలో పడుకున్నది.
"నల్ల చెర్రీ," మొదలెట్టాను, "పొగాకు, వెనిలా,
చివర్లో కొంచెం పొగ..."
"ఆగమ్మా."

ముక్కు గ్లాసులో పెట్టి అలాగే ఉండిపోయాడు.
ట్రామ్ వెళ్ళింది. బల్లల మీద గాజంతా సన్నగా మోగింది.

"ద్రాక్షకి పొగెక్కడిది?
ఇది మా నిర్వాకం.
ఓక్ బద్దలు నిలబెట్టి, ఇనుప కట్టు బిగించి,
నడుమ చిత్రిక పొట్టుతో మంట పెట్టేవాళ్ళం.
చెక్క వంగాలంటే దానికి చెమటపట్టాలి,
మాకూ పట్టేది.
నువ్వు నిలబడ్డచోట ఎవారిస్తు ఉండేవాడు, పోర్చుగీసువాడు,
కొయ్య సుత్తితో పీపా చుట్టూ ప్రదక్షిణ.
తిరుగుతూనే నిద్రపోగలడు.
వాసన చెవుల్లోకి కూడా ఎక్కేది.
సాయంత్రం గుమ్మం దాటనిచ్చేది కాదు మా జినెత్.
'చొక్కా అక్కడే విప్పు!'
ముప్పైయెనిమిదేళ్ళు. జనవరిలో కూడా.
మెట్ల మీద, ఎదురింటివాళ్ళు చూస్తుండగా.
పొగచూరిన పిల్లీ అని పిలిచేది నన్ను."

గ్లాసుని దీపానికేసి ఎత్తాడు.
"ఎంత దీని ధర?"
విడిగా అయితే పద్దెనిమిది యూరోలన్నాను.
నవ్వడం మొదలెట్టాడు,
చప్పుడు లేకుండా, భుజాలతో,
పావురం చల్లారిపోయేదాకా.
"జినెత్‌కి చెప్పాలి" అన్నాడు.
సొలెన్ తన పళ్ళెంకేసి చూసింది.

తర్వాత గొర్రెపాల జున్ను. ఐదో గ్లాసు.
కాఫీ వద్దన్నాడు, నిద్రపట్టదట.
బిల్లు దగ్గర మనవరాలితో పోట్లాడి ఓడిపోయాడు.
పోతూ పోతూ తలుపు చట్రాన్ని బొటనవేలితో నిమిరి
"మంచి చెక్క కాదిది" అన్నాడు,
వంటింట్లో బాస్తియాన్‌కి వినబడేలా.

నాలుగో గ్లాసు నిండుగానే మిగిలింది.
జున్ను తింటూ కూడా దాన్ని పక్కనే పెట్టుకున్నాడు,
వాసన చూశాడే గాని గుక్క తాగలేదు.
మిగిలినవి పారబొయ్యాలని మా రూలు.
ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి, ఏప్రన్ విప్పకుండానే,
నోట్లో పోసుకున్నాను.
చెర్రీ ఉందేమో, చూసుకోలేదు.
చలిలో, మెట్ల మీద,
ఎవరో ఒక్కొక్క గుండీ విప్పుతున్నారు.