నల్లజీడి గుర్తు

తాత ఫొటోలు గాంధీ ఆస్పత్రి ఎక్స్‌రే కవర్లో ఉండేవి.
మొత్తం పంతొమ్మిది.
వెనక పెన్సిలుతో ఉర్దూ రాతలు,
మా ఇంట్లో ఆయన తప్ప ఎవరూ చదవలేని ఉర్దూ.

ఆయన పోయి నెల తిరిగిన మర్నాడు
మెట్టుగూడ దోభీఘాట్ వెనక, రేకుల ఇంట్లో,
అవ్వ వాటిని ఇస్త్రీ బల్ల మీద పరిచింది
విడుపులు లెక్కబెట్టినట్టే, ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేస్తూ.

నేను కూలిన వంతెన చూశాను,
మంచులో బారులు తీరిన కంచరగాడిదలు,
వాటి కళ్లెం పట్టుకుని, పెద్ద టోపీ కింద
ఇరవైరెండేళ్ల మడేలయ్య.
అవ్వ అంగీలు చూసింది.

"గంజి లేదు. ఉడుకునీళ్లు సుత దొరకలే వీళ్లకు.
గీ మరక బురద గాదు.
బురదైతే అంచుల కాడ పలచబడతది."
అప్పటిదాకా నేనది నీడ అనుకున్నాను.

తిరుమలగిరి బారకాసుల బట్టలు
నలభై ఏళ్లు ఉబ్బకేసిన చెయ్యి.
ఎవడు తాగి పడ్డాడో, ఎవడు దిండులో ముఖం పెట్టి ఏడ్చాడో
చౌడు కలపక ముందే దానికి తెలిసేది.
తాతను మాత్రం ఏమీ అడగలేదు.
అడిగినవాళ్లకు ఆయన ఒకటే మాట చెప్పేవాడు,
"చలి."
అని బీడీ వెలిగించుకునేవాడు.

పన్నెండో ఫొటో మీద వేలు ఆగింది.
ఏటి ఒడ్డున స్నానాలు, ఇటలీ కాబోలు.
తీసింది తాతే అయ్యుండాలి,
కింది మూలన బొటనవేలు మసగ్గా అడ్డం పడింది.
ఒక బక్కపల్చటివాడు, చెవిలో సబ్బు నురగతో,
బనీను తలమీంచి లాగేస్తున్నాడు.
తిరగబడ్డ అంచు మీద
మూడు చుక్కలు, కింద అడ్డగీత.

ఆ గుర్తు అవ్వ పెట్టిందే.
సికింద్రాబాదు స్టేషన్లో రైలెక్కే ముందు రాత్రి
ముతక గుడ్డతో రెండు బనీన్లు కుట్టి,
నల్లజీడి గింజను సూదితో గుచ్చి, పైన సున్నం అద్ది,
వేలు పొక్కితే చీరకు తుడుచుకుని.
గుడ్డ చీకిపోతుంది గానీ ఆ నలుపు పోదు.
ఊళ్లో ప్రతి ఇంటి బట్టకూ ఒక గుర్తుంది,
ఇదొక్కటే ఏ పద్దులోనూ ఎక్కనిది.

"రెండు పంపిన. ఒకటే తెచ్చిండు.
పోయిందే అన్నడు. పోనీ అన్న."

ఫొటో పట్టుకుని సందు చివరికి పోయాను.
మసీదు మెట్ల పక్కన అత్తరు అమ్మే జహంగీర్ చాచా
కళ్లద్దాలు నుదుటికెత్తి, కాగితం ముక్కుకి ఆనించి,
ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పాడు:
దస్తగిరి. కర్నూలు జిల్లా.
చలి అంటే ఇచ్చాను.
తిరిగి తీసుకోలేదు.
ఇంకో వరుస ఉంది, చెమ్మకి అలుక్కుపోయింది.

వచ్చి అలాగే చెప్పాను.
అవ్వ పెట్టె మూత తీసి బొగ్గులు ఊదింది.
ఎవరిదో తెల్ల చొక్కా, కాలరు, చేతులు, వీపు,
తొందర లేకుండా మడత పెట్టింది.
తర్వాత పద్దు పుస్తకం నా ముందుకి తోసింది.

"రాయి. దస్తగిరి. కర్నూలు. బనీను ఒకటి."
రాశాను.
అలవాటు కొద్దీ పక్క గడిలో
బాకీ అని రాయబోతుంటే
నా మణికట్టు పట్టుకుంది.