చివరిగా కనిపించిన వేళ

అంతా మబ్బులో ఉంటుందట.
యస్నా ఆ మాట అనగానే నవ్వొచ్చింది.
చిలోయే దీవుల్లో పుట్టినదాన్ని,
మబ్బులకేం కొదవ నాకు?
పొయ్యిమీద వేలాడదీసిన మేజోళ్ళు
ఆరకముందే మళ్ళీ తడిసే ఊరు మాది.

"ఆ మబ్బు కాదు, ఒతీలియా గారూ"
అంది ఇరవై ఆరేళ్ళ పిల్ల,
మౌస్ మీద నా వేలు సర్దుతూ.

ఇరవై రెండేళ్ళు రేడియోలో కబుర్లు చదివాను.
"అపియావోలో క్లొరిందా గారికి:
మీ ఆయన మంగళవారం పడవలో వస్తాడు.
గుర్రం తీసుకుని రేవుకు రావలెను."
"అలావోలో చిగువాయ్ వాళ్ళకి:
పాప పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.
బంగాళదుంపలు పంపొద్దు, ఇంకా ఉన్నాయి."
ఒక్క గొంతు, ఎనిమిది దీవుల చెవులు.

రేడియో మూతపడింది.
మున్సిపాలిటీవాళ్ళు ఈ కుర్చీలో కూర్చోబెట్టారు,
బడులకీ ఆరోగ్య కేంద్రాలకీ వేసిన ఇంటర్నెట్‌కి కాపలా.

ఇప్పుడు అపియావో ఒక పచ్చ చుక్క.
కెనాక్ ఒక పచ్చ చుక్క.
పసుపైతే దగ్గు అనుకోమంది యస్నా,
ఎరుపైతే మంచం పట్టినట్టు.
మరి బూడిదరంగు?
అడిగాను.
తను ఇంకో ట్యాబ్ తెరిచింది.

మొదటివారం తల ప్రాణం తోకకొచ్చింది.
పళ్ళచక్రం గుర్తు నొక్కితే ఎక్కడో తేలేదాన్ని,
వెనక్కి రావడానికి కిటికీ మూసి మళ్ళీ తెరిచేదాన్ని.
కెనాక్ బడిలో పరీక్ష నడుస్తుండగా
రీస్టార్ట్ నొక్కేశాను.
మాస్టారు ఫోను చేశాడు:
"పిల్లలంతా నీ పేరే తలుచుకుంటున్నారు,
పరీక్ష వాయిదా పడిందని."

రెండోవారానికి అర్థమైంది,
ఎడమవైపు జాబితా అంటే రేవుల వరస.
ఏ రేవులో దిగాలో ముందే తేల్చుకోకపోతే
సరుకంతా తడుస్తుంది.

యంత్రాల పేర్లన్నీ అంకెలు, పొడి అక్షరాలు.
మార్చుకోవచ్చని తెలిసిన పూటే
'వంటగది పక్కది' అని ఒకటి,
'నర్సు కిటికీ' అని ఒకటి.
యస్నా తల పట్టుకుంది.
పద్ధతంటూ ఒకటుంది కదా అంది.
బేరమాడి సగం దగ్గర ఆగాం:
ముందు తన అంకె, వెనక నా మాట.

ఆ తర్వాత ఆ నిలువు గడి కనిపించింది.
'చివరిగా కనిపించిన వేళ.'
రెండు నిమిషాల క్రితం.
నిన్న రాత్రి.
నలభై ఒక్క రోజుల క్రితం.

ఈ మాట ఇంతకుముందు చదివాను, పైకే.
ఒక ఆగస్టు నెల, మైకు ముందు:
"ఎస్తెర్లీతా అనే లాంచీ, నీలం అంచు.
ముగ్గురు మనుషులు.
చివరిగా కనిపించినది కగువాచ్ దాటాక,
సాయంత్రం ఐదింటికి."
మూడో పేరు మా తమ్ముడిది.
మిగతా రెండు పేర్లు చదివిన గొంతుతోనే
అదీ చదివాను, తొమ్మిది రాత్రులు.
పదోరాత్రి మేనేజరు
ఏమీ అనకుండా కాగితం తీసేసుకున్నాడు.

"నెల దాటినవి తొలగించొచ్చు.
జాబితా శుభ్రంగా ఉంటుంది," అంది యస్నా.
తప్పనిసరా?
కాదంది.
అయితే ఉండనీ.

ఈ రాత్రి ఉత్తరపు గాలి.
ఆరున్నరకి ఎనిమిది చుక్కలూ
ఒక్కసారే ఎర్రబడ్డాయి.
యస్నా ఇంటికెళ్ళిపోయింది.
భయపడలేదు నేను.
ఎక్కడ నొక్కాలో తెలుసు,
ఏదీ నొక్కకుండా ఆగడం కూడా తెలుసిప్పుడు.

లిన్‌లిన్ వచ్చింది. యింగువా వచ్చింది.
ఒక్కోటి పచ్చబడుతుంటే
ఖాళీ గదిలో పేర్లు పైకే చదువుతున్నాను,
అలవాటు.
కెనాక్. అలావో. అపియావో.
ఏడు లెక్కకొచ్చాయి.

కగువాచ్ ఎరుపులోంచి బూడిదలోకి జారింది.
పద్నాలుగు నిమిషాల క్రితం, అంటోంది గడి.

మాతే కోసం నీళ్ళు పెట్టాను.
కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది.

పదిహేను.