మూడో బోల్టు

సెల్ఫ్ మోటారు వెనక
మూడో బోల్టు ఒకటుంటుంది.
కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది.
ఆ బండి బొమ్మ గీసినవాడెవడో
చల్లటి గదిలో కూర్చుని గీసుంటాడు.
వాడికి మోచేతులున్నాయంటే నేను నమ్మను.

బెజవాడ ఆటోనగర్, మే నెల.
లారీ కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని
పద్నాలుగో నంబరు స్పానరు తగిలిస్తాను.
ఇటు ఛాసిస్, అటు పొగగొట్టం.
మధ్యలో ఏడు డిగ్రీలు.
తలుపు సందులోంచి అప్పులాణ్ణి చూసేంత చోటు.
కాస్త తిప్పి, ఊడదీసి, తిరగేసి, మళ్ళీ తగిలించి –
బోల్టు మాత్రం
అలిగిన కొత్తల్లుడిలా కూర్చునుంటుంది.

కొన్న రాట్చెట్టు ఉంది. ఇరవై నాలుగు పళ్ళు.
పంటికి పదిహేను డిగ్రీలు.
అది టిక్కు అనేలోపే
గొట్టం ఠంగుమంటుంది.

నేనే చేస్తానన్నాను.
నాంచారయ్య లేతు ఆపి మరీ నవ్వాడు.
"సందులో సడేమియా అంటే ఎవడో అనుకున్నా,
నువ్వేనట్రా!"

డెబ్బై రెండు పళ్ళు కోయించాను.
ముద్దుగా ఉన్నాయి, పాలపళ్ళలా.
మొదటి బోల్టుకే
పాలపళ్ళలాగే రాలాయి.
నాంచారయ్య ఆ పొడిని అరచేతిలో పోసి
విభూతి పెట్టుకోమన్నాడు.
"పన్ను సన్నగిల్లితే బలం పోద్ది.
బలం పెడితే చోటు పోద్ది.
ఏదో ఒకటి కోరుకో."

రెండూ కోరుకున్నాను.
కరెంటు బిల్లుల వెనక గీశాను,
మా అమ్మాయి రికార్డు బుక్కులో గీసి తిట్లు తిన్నాను.

గుణదల కొండ మీద మా ఇల్లు. నూట నలభై మెట్లు.
ఎదురుగా మనిషొస్తే
ఎవరి గడపలోకో ఎక్కి తప్పుకోవాలి.
ఆ ఇంటివాళ్ళు కాఫీ తాగుతావా అని అడుగుతారు.

ఓ ఆదివారం ఆ మెట్ల మీద
పైఇంటి కోటేశ్వరమ్మ గారి బీరువా ఎక్కుతోంది.
పైన తాడు లాగేవాళ్ళు నలుగురు,
కింద మోకాళ్ళు అడ్డం పెట్టేవాళ్ళు ఇద్దరు –
ఇశ్రాయేలు, వాళ్ళ బామ్మర్ది యోనా.
మెట్టేమో ఎత్తు. ఒక్క గుంజులో మెట్టంతా రాదు.
సగం వచ్చి జారిపోతోంది.
ఇశ్రాయేలు అరిచాడు:
"ఒరే యోనా, కాలికింద ఇటుకెట్టుకో!"

ఇటుక ఎక్కిన మోకాలు సగం మెట్టు పైన ఆగింది.
గుంజారు. యోనా మోకాలి మీద నిలబడింది.
గుంజారు. ఇశ్రాయేలు మోకాలి మీద నిలబడింది.
ఒకరు మోస్తుంటే ఒకరు మారుతున్నారు.
మెట్లు అవే,
అడుగులు మాత్రం రెట్టింపు.

"అలాగే ఉండండి, కదలొద్దు!" అన్నాను.
వాళ్ళు నా అమ్మనీ తాతనీ కలిపి తిట్టారు.
బీరువా కింద నేను కూడా భుజం పెట్టాను,
కళ్ళు మాత్రం ఇటుక మీదే.

ముప్పై ఆరు పళ్ళు చాలు. లావు పళ్ళు, జొన్నపొత్తు గింజల్లా.
రెండు నాలుకలు.
ఒకటి పంటి మధ్య కూర్చున్నప్పుడు
రెండోది సగంలో కాచుకుంటుంది.
పది డిగ్రీలు ఐదయ్యాయి.
స్ప్రింగులు మా అమ్మాయి పెన్నుల్లోవి. (ఆ తిట్లు వేరే.)
పళ్ళచక్రాన్ని ఎండుగడ్డి రంగు తేలేదాకా కాల్చి
నాంచారయ్య పాత ఇంజనాయిల్లో ముంచాడు.
లేచిన పొగకు ఇద్దరం దగ్గాం.
ఈసారి నవ్వలేదు.

మళ్ళీ గోనెపట్టా. మళ్ళీ మూడో బోల్టు.
చెవి మాత్రమే చూస్తోంది.
కిర్.
చెయ్యి వెనక్కి వచ్చింది, బోల్టు రాలేదు.
కిర్. కిర్.
పొగగొట్టం నోరెత్తలేదు.
ఎన్ని కిర్లో లెక్క తప్పాక
వేడి బోల్టు ఛాతీ మీద పడింది.
కాలింది. కాసేపు తీయలేదు.

విప్పడానికి బాగుంది.
బిగించాలంటే తిరగేసి పట్టాలి, అటువైపు మూత అడ్డం.
ఇంకా గీస్తున్నాను.

యోనాకి చూపించాను.
ఇటూ అటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని
"ఇందులో నేనెక్కడున్నా?" అన్నాడు.
రెండో నాలుక చూపించాను.
"ఇటుక పెట్టలేదేం?" అన్నాడు.