చిటికెన వేలితో

రైలు పెట్టెకు రంగు వేసే ముందు
గుంటల్లో పుట్టీ పూసి, ఆరనిచ్చి,
గరుకు కాగితంతో రుద్దుతాను.
ఇరవై ఆరేళ్లుగా పెరంబూరులో నా పని అదే.
అరచేయి జారితే చాలు, పెట్టె షెడ్డు దాటుతుంది.

మేదిని ముఖం అలా కాదు.

ముక్కుకి రెండు పక్కలా, చెంపల మీదా
ఎర్రగా, నానిన సగ్గుబియ్యమంత.
ఆరో ఏట మొదలయ్యాయి.
"ఈ వయసుకే మొటిమలా?" అంది ఎదురింటి కోమలమ్మ,
కస్తూరి పసుపు ఇచ్చింది, వేపాకు నూరి ఇచ్చింది.
పూశాం.
ఎనిమిదో నెలలో వచ్చిన మూర్ఛలకీ వీటికీ
చుట్టరికం ఉందని ఎవరనుకుంటారు?

కీళ్పాక్‌లో డాక్టర్ మలర్విళి లైట్లార్పి
ఊదారంగు దీపం కింద వీపు చూసింది:
తెల్లని మచ్చలు, ఆకుల్లా,
నడుము దగ్గర ఒకటి, భుజం మీద రెండు.
పుట్టినప్పటివేనట.
రోజూ నీళ్లు పోసిన మాకు కనపడలేదు.

తర్వాత నన్ను చెప్పు విప్పమంది.

బొటనవేలి గోరు పక్కన చిన్న కాయ.
బూటు ఒత్తుడనుకుని ఏళ్ల తరబడి
బ్లేడుతో చెక్కి పారేస్తున్నది.
డాక్టరు ఏమీ అనలేదు. రాసుకుంది.
బస్సులో ఇంటిదాకా
కాళ్లు సీటు కిందకి ముడుచుకునే కూర్చున్నాను.

లేజరుకి రెండుసార్లు పోయాం.
కమురు వాసన, ఐసు ముక్కలు,
ఏడవనని పంతం పట్టి నా చొక్కా గుండీ తెంపింది.
ఏడాది తిరక్కుండా మళ్లీ మొలిచాయి.

ఇప్పుడు లేపనం.
కిడ్నీ మార్చినవాళ్లు మింగే మాత్రలట,
అయనావరంలో ఇర్ఫాన్ వాటిని కల్వంలో నూరి
వాజిలీన్‌లో కలిపి ఇస్తాడు.
ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవిలో
మట్టిలో దొరికిందట దీని మూలం.
"మట్టా? అయితే అది నా పేరే, నైనా."
నవ్వింది. చెంపల మీదవన్నీ కదిలాయి.

ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పక్కన డబ్బీ.
రాత్రి తొమ్మిదికి ఫ్యాను కింద కూర్చుంటుంది.
మండుతుంది. ఊదుతాను.
నా వేళ్లన్నీ గరుకే,
కాస్త మెత్తన చిటికెన వేలు. దాంతోనే రాస్తాను.
నాలుగు నెలలకి ఎరుపు కొంచెం వెలిసింది.
పోతాయా అని అడగదు.
ఆపితే తిరిగొస్తాయని డాక్టరు
ఇద్దరికీ ఒకేసారి చెప్పింది.

నిన్న మూత పెట్టబోతుంటే డబ్బీ లాక్కుంది.
నేల మీద చతికిలబడి
నా బొటనవేలు పట్టుకుని చాలాసేపు చూసింది.
"నీది మొండిది, నైనా."
అడుగున మిగిలింది గీకి
గోరు పక్కన రాసింది.

మూత మీద ఇర్ఫాన్ వేసిన తేదీకి
ఇంకా ఆరు రోజులుంది.
డబ్బీ ఖాళీ.